తామ్రపత్రము చరిత్రయైనచో తనఖా కాగితమేల కాదు?

రాజమహేంద్రవర చరిత్రము ఇదివరకే వ్రాయబడి ముగిసినదనియు, రాజరాజనరేంద్రుని కొలువు, నన్నయభట్టారకుని భారతము, రెడ్డిరాజుల దుర్గము, కాటనుదొర ఆనకట్ట, వీరేశలింగము పంతులుగారి వితంతు వివాహములు అను నీ అయిదు ఘట్టములను వరుసగా చెప్పినచో ఈ నగరమును గూర్చి చెప్పదగిన దంతయు చెప్పినట్లే యగుననియు, ఇక ఇండ్లలోని ఇనుపపెట్టెలలోను, అటకలమీదను, కచేరీల బీరువాలలోను పడియున్న పటములు, దస్తావేజులు, చిట్టాలు, ఉత్తరములు వారివారి ఆస్తి తగవులకు పనికివచ్చు సొంత కాగితములే గాని చరిత్రకు ఆధారములు కావనియు మనలో విద్యావంతులు సైతము నమ్ముచున్నారు. ఈ నమ్మకము సభలలో వినబడును, పాఠ్యపుస్తకములలో కనబడును, పుష్కరముల వేళ అచ్చువేయు సంచికలలో ఆవృత్తి యగును. ఇది మనస్సులో నిలిచియుండు అభిప్రాయమాత్రమే యైనచో దీనితో తగవు పెట్టుకొన నక్కఱలేదు. కాని దీనివలన జరుగుచున్న నష్టము కన్నులకు కట్టుచున్నది. దానవాయిపేటలోనో ఆర్యాపురములోనో ఒక పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టబూనునపుడు, తలుపులకును దూలములకును విలువ కట్టి గంటలకొలది బేరమాడువారు, అటకమీది కాగితపు కట్టలను మాత్రము పాత పేపర్లవానికి కిలోల చొప్పున తూచి యిచ్చుచున్నారు. దూలము టేకు గనుక దానికి ధర కలదు. కాగితము చరిత్ర కాదని పెద్దలే చెప్పిరి గనుక దానికి ధర లేదు. ఆ పెద్దల మాట తప్పని నేను నిస్సంశయముగా చెప్పుచున్నాను.

మొదట వారి ప్రమాణముతోనే వాదము నారంభింతును. మన చరిత్రకారులకు పరమప్రమాణము శాసనము, అందును తామ్రశాసనము. రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనమును దీసికొందము. క్రీ.శ. 1053లో కోనసీమలోని నందంపూడి గ్రామమును నారాయణభట్టునకు అగ్రహారముగా నిచ్చుచు ఆ రాజు వ్రాయించిన దానపత్రమది. దానిని రచించినవాడు సాక్షాత్తు నన్నయభట్టు. ఆ రాగిరేకులను సాహిత్యచరిత్రకారులు కన్నుల కద్దుకొందురు, అద్దుకొనవలసినదే. కాని ఆ రేకులు పుట్టిననాడు వాని ప్రయోజనమేమి? గ్రహీత తన యింట దాచుకొని, ఎవడైన పొలిమేర దాటి వచ్చినపుడు తీసి చూపుటకే గదా! దాత యెవడు, గ్రహీత యెవడు, వాని తాతతండ్రులెవరు, భూమి యెక్కడిది, దాని యెల్లలేవి, దీని నపహరించినవానికి వచ్చు పాపమేమి — తామ్రశాసనముల చట్రమంతయు నిదియే. ఒక క్రయ దస్తావేజును దాని ప్రక్కన బెట్టి చూడుడు: వ్రాయించి యిచ్చినవారు, వ్రాయించుకొన్నవారు, ఉభయుల తండ్రుల పేర్లు, సర్వే నెంబరు, చెక్కుబందీ, తగవు వచ్చినచో బాధ్యత యెవరిది, సాక్షుల చేవ్రాళ్ళు, చదువురానివారి నిశానీలు. రాగికి బదులు స్టాంపు కాగితము వచ్చినది, శాపమునకు బదులు నష్టపరిహారపు షరతు వచ్చినది, వస్తువు మాత్రమొక్కటే. తొమ్మిదివందల డెబ్బది యేండ్లనాటి కుటుంబపత్రము చరిత్రయై, నూటయిరువది యేండ్లనాటి కుటుంబపత్రము చెత్తయగుటకు వయస్సు దప్ప వేఱు కారణము చూపగలవారు లేరు. ఆ వయస్సే కారణమైనచో, నేడు పాఱవేసినదానికి అది యెన్నటికిని రానేరదు. మన దేశపు చట్టమైనను ఈ విషయమున పండితులకంటె ఉదారముగానే యున్నది: 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము ఇతర వస్తువులు పురావస్తువు లగుటకు నూఱేండ్లు కోరుచు, చారిత్రక విలువగల వ్రాతప్రతులకును పత్రములకును 75 ఏండ్లు చాలునన్నది.

శాసనము తరువాత మనవారు పెద్దపీట వేయునది కైఫీయతులకు. కల్నల్ కాలిన్ మెకంజీ పదునెనిమిదవ శతాబ్ది చివర మొదలుపెట్టి 1821లో మరణించువఱకు ఊరూర సేకరింపించిన గ్రామవృత్తాంతములవి. ఆ పనికి మూలబలమైనవారు మన ఏలూరి బిడ్డలగు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు. ఆ వృత్తాంతములను మెకంజీ మనుష్యులు ఎక్కడనుండి తీసిరి? కరణముల యిండ్లలోని దండకవిలెలనుండి, పూజారుల యొద్దనున్న పట్టాలనుండి, ఊరి వృద్ధుల నోటనుండి. కరణీకము వంశపారంపర్యమైన ఆ కాలమున దండకవిలె యనునది ఒక కుటుంబము తరతరములుగ తన యింట కాపాడుకొన్న లెక్కల కట్ట. అనగా నేడు పరిశోధకులు ప్రతిపుటయందును ఉదాహరించు కైఫీయతులు, ఆనాటి యింటి కాగితముల సారమే. తరువాత బ్రౌనుదొర వానికి ప్రతులు వ్రాయించి బైండు చేయించుటచేత అవి నిలిచినవి. మూలములైన కవిలెకట్టలలో అధికభాగము మాయమైనది. ప్రతి నిలిచి మూలము నశించుట యెంత నష్టమో, రెండు కైఫీయతులు ఒకే సంగతిని రెండు తెఱగుల చెప్పినపుడు తెలియును. ఏది సరియో తేల్చుటకు మఱి పోదగిన చోటు లేదు.

ఇక ఆ కాగితము లేమి చెప్పగలవో దగ్గఱగా చూతము. దస్తావేజులో వకీలు వెదకునది హక్కు. చరిత్ర వ్రాయువాడు వెదకవలసినది చెక్కుబందీ. ఇన్నీసుపేటవంటి పేటలో ఒకే యింటికి సంబంధించి నాలుగైదు చేతులు మాఱిన క్రయపత్రములు ఒక్క కట్టలో దొరకుట అరుదు కాదు. తక్కినదంతయు విడిచి తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అను నాలుగు పంక్తులను మాత్రము వరుసగా చదువవలెను. మొదటి పత్రమున దక్షిణపు హద్దుగా ఒకరి పెరటి కొబ్బరిచెట్లుండును. తరువాతి దానిలో ఆ పెరడు రెండు ముక్కలై, ఒక ముక్కలో కలప అడితి వెలసియుండును. మన్యమునుండి తెప్పలుగా గట్టి గోదావరిలో దించిన కలప ఆ పేటకు ఎప్పుడు చేరినదో ఆ యొక్క పంక్తి చెప్పును. ఆ పై దానిలో అడితి పోయి మునిసిపాలిటీవారి రస్తా వచ్చును. 1866లో ఏర్పడిన పురపాలక సంఘము ఏ సందును ఏ కాలమున వీథిగా జేసినదో దాని తీర్మానములలో తేదీతో దొరకవచ్చును గాని, ఆ వీథి యెవరి పెరడు కోసి వచ్చినదో దస్తావేజు మాత్రమే చెప్పును. ఉత్తరపు హద్దున ఒక వితంతువు పేరు రెండు పత్రములలో నిలిచి, మూడవదానిలో ఆమె మఱదికొడుకుల పేర్లు వచ్చును. మనోవర్తి హక్కుతో ఒక గదిలో బ్రదుకు వెళ్ళదీసిన ఆ యిల్లాలికి వీరేశలింగము పంతులుగారి ఉద్యమము నడచిన నగరములోనే వేఱొక చరిత్రము కలదని మనకు చూపునది ఆ పంక్తియే. వీథులు, వృత్తులు, వారసత్వములు, విభజనలు, ఒక కులమువారు విడిచిపోయిన సందులోనికి మఱియొక కులమువారు వచ్చుట — ఇవన్నియు చెక్కుబందీలో నున్నవి. నగరచరిత్ర మనునది వీనికంటె వేఱుగా మఱేమున్నది?

ప్రోనోటును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. దాని ముందువైపు అందఱు చూతురు. అసలు కథ వెనుకవైపున నుండును. అప్పు దీసికొన్నవాడు అప్పుడప్పుడు కట్టిన మొత్తమును అక్కడ చెల్లు వేయుదురు. ఒక యింటి పాత నోట్లను గుదిగ్రుచ్చి ఈ చెల్లుల తేదీలు మాత్రము చూచినను, సార్వా పంట గాదెకు చేరిన పుష్యమాఘములలో సొమ్ము కదలుటయు, తుపాను పట్టిన యేట ఒక్క చెల్లును పడకుండుటయు తెలిసిపోవును. 1930 ప్రాంతమున ధాన్యపు ధర కూలినపుడు చెల్లులు నిలిచి, నోటు తనఖాయై, తనఖా క్రయమై, పల్లెలోని పొలము పట్టణములోని షాహుకారు పేర మాఱిన వైనమును ఇంతకంటె స్పష్టముగ చూపు సాక్ష్యము వేఱొకటి లేదు. 1938లో మద్రాసు ప్రభుత్వము చేసిన వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టమును గూర్చి శాసనసభ చర్చలు అచ్చుపుస్తకములలో నున్నవి. ఆ చట్టము కాకినాడ రోడ్డుమీదను, కొవ్వూరు రేవులోను ఏ రైతు నేమాత్రము గట్టెక్కించినదో చెప్పునవి అచ్చుపుస్తకములు కావు.

పటముల మాటకు వత్తము. రెవెన్యూ సర్వేవారు గ్రామపటములను మైలునకు పదునాఱు అంగుళముల చొప్పున గీసిరి. అంత పెద్ద కొలతలో గీసిన పటమున పుంతలు, బోదెలు, చెఱువులు, శ్మశానములు, గుళ్ళు, తోపులు, ఊరికి ఎడముగా మాలపల్లె, పొలిమేర రాళ్ళు అన్నియు కనబడును. దానికి తోడుగ ప్రతి నెంబరునకు గొలుసుతోను లింకులతోను కొలిచిన కొలతల పుస్తకమును, ఇంగ్లీషు తెలుగులలో వ్రాసిన డైగ్లాటు రిజిస్టరును ఉండును. మెట్టసీమలో ఈ పటమునకు నూఱేండ్లు గడచినను పెద్ద మార్పుండకపోవచ్చును. గోదావరి లంకలలో అట్లు కాదు. ఇక్కడ నది ప్రతి వరదకును తన పటమును తానే గీసికొనును. ఒకచోట కోత పడి పొగాకుచేను ఏటిలో గలియును. మఱియొకచోట ఇసుకమేట వేసి, దానిమీద ఒండ్రు పఱచి, రెల్లు మొలపించి, నాలుగేండ్లకు మనుష్యులు తగవులాడదగిన భూమిని తయారుచేయును. ఒకే గ్రామమునకు రెండు సర్వేలలో గీసిన రెండు పటములను ఒకదానిపై నొకటి బెట్టి వెలుతురున కెత్తి చూచినపుడు, నెంబరున్న భూమి నీటిలోను, భూమి యున్నచోట నెంబరు లేకయు కనబడును. రెండవ పటమున వెలసిన క్రొత్తలంకకు మొదటి పటమున లేని ఒక కుటుంబముపేరు అంటుకొనియుండును. వారెవరు, ఏ తీరమునుండి వచ్చిరి, ఆ లంకను వేలములో పాడుకొన్నారా, ముందు పాక వేసికొని పిమ్మట పట్టా తెచ్చుకొన్నారా అను ప్రశ్నలకు జవాబు పటమున లేదు. ఆ కుటుంబపు కౌలు కదపాలలోను, కిస్తు రసీదులలోను ఉన్నది. పటమును ఇంటి కాగితమును విడదీసి చదువువారికి రెండును మూగవి. అవి జతపడినపుడు నది చరిత్రయు మనుష్యుల చరిత్రయు ఒక్కటే యగును, డెల్టాలో ఆ రెండును ఏనాడును వేఱు కాలేదు గనుక.

ఆనకట్ట విషయమున మనవారి కథనము ఎంత కుఱచైనదో ఇక్కడనే చెప్పవలెను. 1832–33 నందన సంవత్సరపు కఱవును, 1821లో ఏడు లక్షల ముప్పదివేలకు పైబడియున్న రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1841 నాటికి అయిదున్నర లక్షల చిల్లరకు దిగిపోవుటయు, 1844లో కాటను నివేదికయు, 1847లో మొదలై 1852లో ముగిసిన నిర్మాణమును మనవారు చక్కగా చెప్పుదురు. కాటనునెడల ఈ డెల్టా ప్రజకున్న కృతజ్ఞత నాకును కలదు. కాని ఒక్క మహాపురుషుని మేధనుండి ఒక్క ఉదుటున పుట్టినట్లు చెప్పుట సత్యమునకు తగదు. అంతకు అర్ధశతాబ్ది మునుపే మైకేల్ టాపింగ్ అను కంపెనీ ఖగోళశాస్త్రజ్ఞుడు ఈ సర్కారుల నదులను కొలుచుచు, సేద్యపు ఆలోచనలు చేయుచు, 1796లో మచిలీపట్టణమున కన్నుమూసినాడు. ఆనకట్ట పనిలో కాటనునకు కుడిభుజముగ నిలిచిన వీణెం వీరన్న పేరు ధవళేశ్వరమున నేటికిని చెప్పుకొందురు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ సాగిన ఆ పనికి రాయి మోసినవారు, సున్నము కాల్చినవారు, పడవలు నడపినవారు ఏ యూళ్ళవారు? ఆ పని ముగిసిన పిమ్మట ఏ భూమి మెరకనుండి పల్లమైనది, ఏ రైతు వరికి మారినాడు, ఏ పాయలో పూడిక పడి ఏ రేవు చచ్చిపోయినది? కాటను విగ్రహమునకు పూలదండ వేయుటతో ఈ ప్రశ్నలు తీరవు. ఆనకట్టకు మునుపటి పటమును, పిమ్మటి పటమును, రెండు కాలముల శిస్తు రసీదులను ఎదురెదుట బెట్టుకొని కూర్చున్నవారికే తీరును.

పటములు పరపాలకుల పన్నుల పనిముట్లనియు, వారి కన్నుతో మన ఊరిని మనము చూడరాదనియు చెప్పువారు కలరు. వారి మాటలో సగము నిజము. కొలిచినవాడు శిస్తు కొఱకే కొలిచినాడు. అందుచేతనే శిస్తు వచ్చుచోట అతని గొలుసు ఒక్క లింకు తప్పలేదు, రానిచోట పోరంబోకని వ్రాసి సాగిపోయినాడు. ఊరుమ్మడిగా పశువులు మేసిన బయళ్ళు, చేపలు పట్టువారు వలలు ఆరవేసికొన్న ఇసుకతిన్నెలు ఆ యొక్క మాటలో అణగిపోయినవి. కాని ఈ పక్షపాతము తెలిసినవానికి పటము మఱింత విలువైన సాక్షి. ఎక్కడ మౌనము వహించినదో చూచి అక్కడ వెదకవలెనని తెలియును. ఇంతకును రాజు వేయించిన దానశాసనము నిష్పక్షపాతమైనదా? ద్రాక్షారామ భీమేశ్వరాలయపు శాసనములలో గుడికి దీపములు పెట్టించినవారి పేర్లున్నవి; ఆ దీపపు నేతికై ఇచ్చిన గొఱ్ఱెలను మేపిన గొల్లవాని మాట వినబడదు. శాసనమును పక్షపాతము నెఱిగి చదువుటకు మనము నేర్చుకొన్నాము. పటమును, దస్తావేజును అట్లే చదువవలెను.

రెండవ ఆక్షేపము దీనికంటె గంభీరమైనది గనుక దానికి నిలిచి సమాధానము చెప్పవలెను. ఇంటి కాగితములనగా ఇల్లును భూమియు కలవారి కాగితములే యనియు, వానినుండి వ్రాసిన చరిత్ర కరణముల, కాపుల, కోమట్ల చరిత్రయే యగుననియు, తరతరములుగ అక్షరమునకు దూరముగ నుంచబడినవారికి అందు చోటు లేదనియు కొందఱందురు. ఈ మాట వెనుకనున్న ఆవేదన న్యాయమైనది. కాని నిర్ణయము సరికాదు. మొదటిది, కలవారి కాగితములలోనే లేనివారున్నారు: పాలేరు సంవత్సరపు జీతమునకు ముందు పుచ్చుకొన్న ధాన్యము ఎంతో, ఆ బాకీ కొడుకు మీదికి ఎట్లు దిగినదో మోతుబరి చిట్టాలోనే యుండును, ఆ చిట్టా పోయినచో మోతుబరి కీర్తికి వచ్చిన లోటు లేదు, పాలేరుమీద జరిగిన అన్యాయమునకే సాక్ష్యము నశించును. రెండవది, 1858లో మొదలైన ఇనాం కమీషను రిజిస్టర్లలో అగ్రహారములే గాక, ఊరికి చాకిరి చేసిన మంగలి, చాకలి, కుమ్మరి, వెట్టివాండ్ర సర్వీసు ఇనాములును నమోదైనవి. తమ తాతల పేర్లు వ్రాతలో మొట్టమొదట కనబడుచోటు అనేక కుటుంబములకు అదియే. మూడవది, నరసాపురమున అడుగుపెట్టిన బౌడెన్, బీరు దంపతుల గోదావరి డెల్టా మిషనువారి సంఘములలోను, రాజమహేంద్రవరపు లూథరను సంఘములలోను బాప్తిస్మముల, పెండ్లిండ్ల, సమాధుల పుస్తకములున్నవి. భూమి లేనందున ఏ దస్తావేజుకును ఎక్కని మనుష్యులు, తలిదండ్రుల పేర్లతో, ఊరిపేరుతో, తేదీతో ఆ పుస్తకములకెక్కిరి.

నాలుగవది రంగము, అనగా రంగూను. కాకినాడ రేవునుండి పొగయోడ లెక్కి బర్మా పోయి, అక్కడి వరిమిల్లులలోను రేవులలోను కూలిచేసి, డెల్టా పల్లెలకు మనియార్డరులు పంపిన వేలకొలది మనుష్యులు ఏ కులముల వారో అందఱకు తెలిసినదే. ఆ మనియార్డరు కూపనులమీద ఎవరిచేతనో వ్రాయించిన రెండు పంక్తుల కుశలములు, రంగూనులో తీయించుకొన్న ఒక ఫొటో, 1942లో జపానువారు వచ్చిపడినపుడు అడవులబడి నడచివచ్చినవారు కొంగున ముడివేసి తెచ్చుకొన్న ఒక కాగితము — ఇవి నేటికిని రేకుపెట్టెలలో నున్నవి. వీనిని చరిత్ర కాదన్నచో ఆ మనుష్యులకు మనము రెండవమాఱు అన్యాయము చేసినట్లు. కలవారి కాగితములు మాత్రమే సేకరింపబడుచున్నవన్న ఆక్షేపమునకు సరియైన జవాబు, లేనివారి పెట్టెలనుగూడ వెదకుట. ఉన్న పెట్టెలన్నిటిని గోదావరిలో గలుపుట కాదు.

మహాపురుషుల చరిత్ర యుండగా ఈ చిల్లర కాగితములేలయని యడుగువారికి, వీరేశలింగము పంతులుగారినే ఉదాహరింతును. 1881 డిసెంబరు 11వ తేదీన ఈ నగరమున ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహమును గూర్చియు, దానికి సాయపడినవారు పడిన వెలివేతలను గూర్చియు మన మెఱిగినదంతయు ప్రధానముగ ఆయన స్వీయచరిత్రమువలననే. ఆయన సత్యవాక్కునెడల నాకు సందేహము లేదు. కాని ఏ సంగ్రామమైనను ఒక్క సేనాని జ్ఞాపకములవలన పూర్తిగ తెలియదు. వెలికి తలయొగ్గి ప్రాయశ్చిత్తము చేయించుకొన్న గృహస్థు మామగారికి వ్రాసిన ఉత్తరము, కూతురిని పుట్టింటనే యుంచుకొన్న తల్లి వ్రాయించుకొన్న వీలునామా, తన వివేకవర్ధని పత్రికలో ఆయన బయటపెట్టిన లంచముల వ్యవహారములనాటి కోర్టు కాగితములు చేరినపుడు ఆ మహనీయుడు చిన్నవాడు కాడు. ఎంతటి గోడను ఢీకొన్నాడో తెలిసి ఇంకను పెద్దవాడగును.

ఇంక నేమి మిగిలినవి, 1953 వరదలోను, 1986 ఆగస్టున ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులతో వచ్చిన మహావరదలోను, తుపానులలోను, చెదలలోను అన్నియు పోయినవిగదా యని నిట్టూర్చువారున్నారు. లంకలలోను కోనసీమ పల్లపు గ్రామములలోను చాల పోయినమాట నిజము. కాని నగరము గట్టుమీద నున్నది. అటకలు అంతకంటె ఎత్తున నున్నవి. ఈ నిట్టూర్పు వెదకుటకు ముందే వచ్చినది. మఱికొందఱు, కావలసినదంతయు చెన్నపట్టణపు ఆర్కైవులలోను లండనులోను భద్రముగ నున్నదనియు, యానాము విషయములు ఫ్రాన్సులోను, పాలకొల్లు డచ్చివారి విషయములు హాలెండులోను దొరకుననియు తృప్తిపడుదురు. అక్కడ నున్నది కంపెనీ పక్షపు మాట. కలెక్టరునకు వచ్చిన అర్జీపై ఆయన వ్రాసిన ఆజ్ఞ అక్కడ నున్నది. అర్జీ వ్రాసికొన్నవాని ప్రతి, అది త్రోసివేయబడినపుడు వాడు తమ్మునికి వ్రాసిన జాబు ఇక్కడి యింట నుండవలెను.

పైగా ప్రభుత్వపు కాగితమైనను ఒక్కచోట నిలువలేదు. నరసాపురమును చూడుడు. 1859 వఱకు అది రాజమహేంద్రవరపు జిల్లా. పిమ్మట కాకినాడ ముఖ్యపట్టణముగ నున్న గోదావరి జిల్లా. 1904లో కృష్ణా జిల్లాలో గలిసి మచిలీపట్టణమునకు మారినది. 1925లో ఏలూరు ముఖ్యపట్టణముగ పశ్చిమగోదావరి ఏర్పడినపుడు అటు పోయినది. 2022లో జిల్లాలు మఱల చీలినపుడు భీమవరమును చేరినది. ప్రతిమాఱును కట్టలు బండ్లకెక్కినవి, దిగినవి. కొన్ని దిగనే లేదు. 1984లో కరణీకములు రద్దయినపుడు ఊరి లెక్కలు చేతులు మాఱిన తొందరలో ఏవి కచేరీకి చేరినవో, ఏవి కరణముగారి యింటనే నిలిచిపోయినవో పూర్తిగ లెక్క తేల్చినవారు లేరు. ఒక గ్రామపు పాత పటము కచేరీలో చినిగి పనికిరాకపోయినపుడు, దాని నకలు ఒక పాత మునసబు మనుమని యింట గోడకు వ్రేలాడుచుండుట నే నెఱుగుదును. అట్టి నకలును సొంత కాగితమని త్రోసివేయుట ఎంత అవివేకము!

అన్నిటిని ఫొటోలు తీసి కంప్యూటరులో దాచి కాగితమును వదలించుకొందమనువారు నేటి కాలమున బయలుదేరినారు. ఫొటోలు తీయవలెను, వీలైనన్ని తీయవలెను. కాని ముందువైపు మాత్రము తీసి ప్రోనోటు వెనుకనున్న చెల్లులను విడిచిన ఫొటోలు నేను చూచితిని. స్టాంపు కాగితపు వెనుక అమ్మినవాని పేరును ఊరును తేదీయు నుండునని తీసినవారికి తెలియలేదు. కట్టలో ఏ కాగితము ప్రక్కన ఏ కాగితమున్నదో ఆ వరుసయే ఒక సాక్ష్యము; విప్పి కలగలిపిన పిమ్మట ఎంత మంచి యంత్రమైనను దానిని తిరిగి తేలేదు. ఫూస్టాటులోని బెన్ ఎజ్రా యూదుల ప్రార్థనామందిరపు గదిలో పనికిరావని పడవేసిన కాగితపు ముక్కలు 1896–97లో కేంబ్రిడ్జికి చేరినవి. వానినుండి గోయిటైను అను పండితుడు మధ్యధరాసముద్రతీరపు వర్తకుల జీవితమును ఆఱు సంపుటములలో పునర్నిర్మించినాడు. మన మలబారు తీరమునకు వచ్చిన వర్తకుల జాబులును అందున్నవి. ఆ ముక్కలను దాచినవారు చరిత్ర కొఱకు దాచలేదు, దేవుని పేరు వ్రాసిన కాగితమును చింపరాదని దాచిరి. పసుపు పూసిన కాగితమును, శ్రీరామ చుట్టి మొదలుపెట్టిన కాగితమును కాలితో త్రొక్కని మన యిండ్లలో ఆపాటి భక్తి కొఱవడలేదు.

1922లో, రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమునకు తొమ్మిదివందల యేండ్లు నిండిన సమయమున, ఈ నగరముననే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినది. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వేంకటకృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావుగార్లవంటివారు తమ కాలమునకు అవసరమైన పని చేసిరి: గృహస్థుల యిండ్లలోను, గుళ్ళలోను, దున్నిన చేలలోను దొరకిన రాగిరేకులను, రాళ్ళను చదివి రాజుల కాలము తేల్చిరి. వారు గృహస్థుల గడప తొక్కుటకు సిగ్గుపడలేదు. 1898లో నాళము కృష్ణారావుగారు పెట్టిన వసురాయ గ్రంథాలయము గౌతమీ గ్రంథాలయముగ పెరిగి తాళపత్రములను కాపాడినది. ఆ త్రోవలో తరువాతి అడుగు వేయవలసినవారము మనము. వారు వేసినచోటనే నిలిచి, వారు చూడనిది చరిత్ర కాదనుట వారియెడల గౌరవము కాదు.

కాగితము బయటబెట్టినచో దాయాదులు కోర్టుకెక్కుదురన్న భయమే గృహస్థులను వెనుకకు లాగుచున్నది. ఈ భయమును పండితులు తేలికగ తీసికొనరాదు. దీనికి నిజమైన జవాబు చెప్పవలెను. స్థిరాస్తిని స్వాధీనము చేసికొనుటకు వేయు దావాకు సాధారణముగ చట్టము పెట్టిన గడువు పండ్రెండేండ్లు. నూఱేండ్లనాటి పారీఖత్తు నేడు సామాన్యముగ ఎవరి యింటిని ఎవరికిని ఇప్పింపజాలదు. అయినను భయపడువారికి, ముప్పది యేండ్లవఱకు ఎవరికిని చూపబోమని వ్రాసియిచ్చి ముద్రవేసిన పెట్టెలో దాచు పద్ధతి లోకమంతట ఉన్నదే. మూలమును ఇంటనే యుంచుకొని నకలు మాత్రము తీసికొననిచ్చుటయు మంచిదే. కావలసినది పెద్ద భవనము కాదు: నగరపాలక సంస్థవారు ఇల్లు పడగొట్టుటకు అనుమతి నిచ్చునపుడే ఆ యింట పాత కాగితము లున్నవా యని అడుగు ఒక పంక్తి దరఖాస్తులో చేర్చుట, గౌతమీ గ్రంథాలయమున ఒక గదియు, దస్తావేజు చదువనేర్చిన ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగియు, కట్టలను విప్పకముందే వరుసను వ్రాసికొను ఒక పట్టికయు. ఆ పట్టికకు ఎక్కవలసిన మొదటి కట్టలు ఈ సంవత్సరము పడగొట్టుటకు అనుమతి కోరుచున్న ఇండ్లలో నున్నవి.